గోడ దాటిన బంతి

డాక్టరమ్మ నడవమనింది.
రోజుకు నలభై నిమిషాలు, చేతులూపుతా.
నాలుగు రోజులు నడిచినా.
నడకలో ఎవరికీ ఏమీ అందించేది ఉండదు,
ఎదుటోళ్ళు తిప్పి కొట్టేదీ ఉండదు.
అయిదో రోజు చెప్పులు మూలకు పెట్టేసినా.

తోతాపురి సీజను ముగిసింది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు కాడ
మూడు నెలలు లారీల బరువు రాసిన చేయి
ఊరికే కూర్చోనంటా ఉండాది.
ఎనిమిదో తరగతిలో ఇదే చేత్తో
పసుపుపచ్చ ఉన్నిబంతిని
నెట్టు మీద గోరంత ఎత్తున దాటించేదాన్ని.
ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు.
చెప్పే అవసరం రాలేదు,
ఇరవైతొమ్మిదేళ్ళుగా.

చిత్తూరంతా అడిగినా.
ఆటసామాన్ల అంగట్లో కుర్రోడు
క్రికెట్ బ్యాటు చూపించినాడు.
"బాల్ బ్యాడ్మింటనా? అదింకా ఉండాదా అక్కా?"
స్టేడియంలో అర్జీ రాసిమ్మన్నారు,
ఫోటోలు రెండు,
తీసుకోవాల్సినాయన తిరుపతి మీటింగుకు పోయినాడు.
మా ఆయన్నడిగితే
"ఎవరికీ?" అన్నాడు, పేపరు దించకుండా.
నాకే అన్నా.
పేపరు దిగింది.

వినాయక చవితికి ముందర వారం
గ్రీమ్స్‌పేట సందులో, కాలవ అంచున
దొరికింది.
సగం తడి, సగం దుమ్ము,
ఒక పక్క ఉన్ని లేచిపోయి
గుడ్డులోంచి అప్పుడే బయటపడిన కోడిపిల్ల మాదిరి.
కొంగుతో తుడిస్తే పసుపుపచ్చ.

ఎదురంగట్లో మిషను తొక్కుతా ఉన్న ఏకాంబరం
పంటికింద సూది తీయకుండానే చెప్పినాడు:
"మావోళ్ళదేలేమ్మా. గోడ దాటొచ్చింటాది.
పాత రైసుమిల్లు ఎనకాల, పొద్దున్నే అయిదున్నరకు.
బోర్డూ గీర్డూ ఉండదు,
కొళాయి పక్కన సైకిళ్ళుంటే అదే."

సైకిళ్ళున్నాయి.
వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం మీద
సున్నం గీతలు.
నెట్టు చినిగిన చోట ఎవరిదో చీరంచు,
ఆ కుట్టు ఏకాంబరానిదే.
రిటైరైన లైన్‌మన్ దొరస్వామి,
చేపల అంగడి ఖైరున్,
ఎస్తేరు టీచరు, ఆమె వెంట
సప్లిమెంటరీ రాయాల్సిన కవల పిల్లోళ్ళు.
నా కాళ్ళు గేటు దగ్గరే నిలబడిపోయినాయి.
నన్నూ చేర్చుకోండి అని
ఎవర్నన్నా అడిగి ఎన్నాళ్ళయింది?
మాట రాక
చేయి చాపి బంతి చూపించినా.

"బంతి తెచ్చినోళ్ళు ఒక గేము ఆడి పోవాల,
మా రూలు" అన్నాడు దొరస్వామి.
అట్లాంటి రూలేదీ లేదని
శనివారానికి గానీ తెలీలేదు.

పుస్తకం ముందర పెట్టినారు,
ఏదో సహకార సంఘానిది, పాతది.
పేరు: వనజాక్షి.
వయసు: నిజమే రాసినా.
తండ్రి లేక భర్త పేరు:
పెన్ను ఆగింది. ఖైరున్ నవ్వింది.
"ఆ గడిలో నువ్వు యాడ నిలబడతావో రాయక్కా.
ముందరా, నడుమా, ఎనకా."
పై వరసలు చూసినా.
దొరస్వామి, తండ్రి లేక భర్త, ఎనక కుడి.
ఖైరున్, తండ్రి లేక భర్త, నడుమ.
దిద్దిదిద్ది రాసినా:
ముందర ఎడమ.

నెలకు నూరు.
ఇయ్యలేనోళ్ళు సున్నం తెచ్చి గీతలేస్తారు.

"గేము ఇరవైతొమ్మిదికే కదా?"
"యాడిదమ్మా, ముప్పై అయిదు ఇప్పుడు."
నేను లేని కాలంలో
ఆట ఆరు పాయింట్లు పెరిగింది.

అరువు బ్యాటు. పిడికి చుట్టిన గుడ్డలో
ఇంకెవరిదో చెమట వాసన.
నాకొచ్చిన మొదటి బంతి నెట్టుకు తగిలింది.
రెండోది నా చెవి పక్కనే పోయింది, చూస్తా నిలబడినా.
మూడోదాన్ని
లారీ బరువులన్నీ కలిపి కొట్టినా.
కవలలు తలలెత్తినారు, ఎస్తేరు టీచరు తలెత్తింది,
బంతి మిల్లు గోడ మీద నుంచి
సందులోకి పోయింది.

అయ్యో అని గేటు వైపు ఉరకబోతే
దొరస్వామి నిక్కరు జేబులోంచి
ఇంకో బంతి తీసినాడు.
"యాడికి పోతావు? ఉండనీ.
అది దాని పని మీద పోయింది.
నిలబడు,
సర్వీసు వాళ్ళది."